కొత్త బూట్లు వచ్చిన వారం

డిటెక్టివ్ మెట్లెక్కి తన ఆఫీసు గుమ్మం దాకా వచ్చాడు. తలుపు తోయకముందే బయటినుంచి కేక వేశాడు.

"ఆవిడకి మంచినీళ్ళిచ్చావా అమ్మాయీ?"

లోపల టైపు మిషను ముందున్న అసిస్టెంటు ఉలిక్కిపడింది. ఎదుటి కుర్చీ అంచున కూర్చున్న ఆడమనిషి ఇంకా ఎక్కువ ఉలిక్కిపడింది.

"ఈవిడ వచ్చినట్టు మీకెలా తెలిసింది గురువుగారూ?" అంది అసిస్టెంటు.

"గుమ్మం ముందు ఆడవాళ్ళ చెప్పులున్నాయిగా. ఒకటి బోర్లా పడింది, ఇంకోటి మెట్ల దాకా పోయింది. నింపాదిగా వచ్చిన మనిషి చెప్పులు అలా విడవదు."

అసిస్టెంటు నోరు తెరిచింది. ఆయన ఏదో ఒకటి కనిపెట్టడం, ఆమె నోరు తెరవడం, అది చూసి ఆయన లోలోపల మురిసిపోతూ పైకి ఏమీ ఎరగనట్టు మొహం పెట్టడం ఆ ఆఫీసులో రోజూ ఉండేదే. ఆయన కూడా గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు గానీ కూర్చోలేదు. కేసు ఎదురుగా ఉంటే ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కాలుగాలిన పిల్లిలా గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటాడు. వచ్చినవాళ్ళు అటూ ఇటూ మెడ తిప్పుకుంటూ తమ గోడు చెప్పుకోవలసిందే.

"మా ఆయన సబ్బుపొడి ఫ్యాక్టరీలో ఫిట్టరండి," అందామె. ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ సంచీని రెండు చేతులా నలిపేస్తోంది. "మొన్న మిక్సర్ డ్రమ్ములోకి దిగాడు, లోపల అరిగిపోయిన రెక్కలు మార్చడానికి. ఆయన లోపల ఉండగానే డ్రమ్ము తిరిగింది."

డిటెక్టివ్ ఆ చివరి గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ప్రాణానికి భయం లేదన్నారు. రెండు కాళ్ళూ విరిగాయి. తలకి దెబ్బ తగిలింది. ఇంకా తెలివి రాలేదు."

"ఫ్యాక్టరీవాళ్ళేమంటున్నారు?"

"తప్పు ఆయనదేనని తేల్చేశారండి. మెయిన్ స్విచ్‌కి తాళం వేసుకోకుండా దిగాడంట."

ఆ తాళం సంగతి ఆమె చెప్పింది. మిషనులోకి దిగేవాడు ముందు వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేయాలి. దానికి తన సొంత తాళంకప్ప వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. పని ముగించి బయటికొచ్చి తనే తీసుకోవాలి. అతను తీసేదాకా ఆ మిషనుని ఎవరూ నడపలేరు. మొన్న ఫిట్టరుగారి తాళం స్విచ్ మీద లేదు. అలమారులో, అతని పనిముట్ల పెట్టెలో దొరికింది.

"ఆ మాట మీరు నమ్మడం లేదు," అన్నాడు డిటెక్టివ్ నడుస్తూనే.

"నమ్మగలిగితే బాగుండునండీ!" అందామె. "ఆయన తాళం వెయ్యడం మరిచిపోయాడంటే నాకే భయమూ లేదు. రేపు పొద్దున అదే డ్రమ్ములోకి మా తమ్ముడు దిగుతున్నాడు. బావ పని సగంలో ఆగింది, నేనే పూర్తి చేస్తానని పట్టుబట్టాడు. వద్దంటే వినడు. బావ తాళం వెయ్యకపోతే సరే, వీడు వేసుకుని దిగుతాడు. కానీ మా ఆయన వేశాడండీ. వేసినా తిరిగింది. అంటే రేపు మా తమ్ముడు వేసినా తిరుగుతుంది కదండీ?"

డిటెక్టివ్ నడక ఆపాడు.

"వేశాడని ఎలా చెప్పగలరు?"

ఆమె సంచీలోంచి నెత్తురు ఎండిన చొక్కా తీసింది. ఆస్పత్రిలో కత్తిరించి ఇచ్చిన చొక్కా అది. దాని జేబులోంచి ఒక చిన్న ఇత్తడి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"డ్రమ్ములో పడతాయని ఫోనూ దువ్వెనా చిల్లరా అన్నీ పెట్టెలో పడేసి దిగుతాడండీ. జేబులో ఇదొక్కటే ఉంది. తాళం వెయ్యనివాడు చెవి ఎందుకు పెట్టుకుంటాడు?"

"బాగా ఆలోచించారమ్మా. ఫ్యాక్టరీ నుంచి మిమ్మల్ని చూడ్డానికి ఎవరొచ్చారు?"

"బాబాయొక్కడేనండి. సూపర్‌వైజరు. అందరూ అలాగే పిలుస్తారు. మా ఆయనకి పని నేర్పిందే ఆయన. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఒకటే ఏడుపు. 'ఆ పాడు బూట్లు వేసుకోకపోయుంటే వీడికి ఈ గతి పట్టేది కాదమ్మా' అంటూ తల బాదుకున్నాడు."

"ఏం బూట్లు?"

"ఈ వారమే ఇచ్చారండి అందరికీ. సేఫ్టీ బూట్లు. ముందంతా రబ్బరు చెప్పులతోనే తిరిగేవాళ్ళు." ఆమె లేచింది. వెళ్ళబోతూ, ఇంతసేపూ దాచుకున్నదాన్ని చివరికి బయటపెట్టింది. "మిషను బటను నొక్కింది మా తమ్ముడేనండి. వాడు ఆపరేటరు. అప్పట్నుంచీ ముద్ద ముట్టలేదు."

*

ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే అసిస్టెంటుకి తుమ్ములు పట్టుకున్నాయి. గోడల మీద, కిటికీల మీద, మనుషుల కనుబొమ్మల మీద కూడా సబ్బుపొడి తెల్లగా పేరుకుని ఉంది. ఇంకో వింత ఆమెకి వెంటనే కళ్ళబడింది. అక్కడ అందరూ కుంటుతున్నారు.

"ఇంతమందికి దెబ్బలు తగిలాయా?" అంది బిత్తరపోయి.

"లేదు మేడమ్, బూట్లు కరిచాయి," అన్నాడు మూటలు మోస్తున్న ఒకడు. "పులి కరిచినా ఇంతకంటే నయం."

మేనేజరు వాళ్ళని మర్యాదగానే లోపలికి పిలిచాడు. దాచడానికి ఏమీ లేదన్నాడు. ఎక్కడికైనా వెళ్ళి ఎవరినైనా అడగమన్నాడు, కాకపోతే రేపటికి మిక్సర్ నడవాలన్నాడు. ఆ మాట మాత్రం మూడుసార్లన్నాడు. తాళంచెవి జేబులో ఉందన్న సంగతి చెబితే, "అలవాటుగా చెవి జేబులో వేసుకుని తాళం పెట్టెలోనే మరిచిపోయుంటాడు," అని కొట్టిపారేశాడు.

సేఫ్టీ ఆఫీసరు కుర్రవయసువాడు. ప్రమాదాలు జరగకుండా చూడటం అతని ఉద్యోగం. తెల్ల టోపీ మీద గీత కూడా పడలేదు. ఈ ఫ్యాక్టరీకి వచ్చి ఏడాది కాలేదు. తాళాల పద్ధతీ అతనే పెట్టాడు, బూట్లూ అతనే తెప్పించాడు.

"ప్రతి తాళానికీ రెండో చెవిని సుత్తితో చితక్కొట్టాను సార్, అందరి ఎదురుగా," అన్నాడు. "ఒక తాళానికి ఒకటే చెవి. అది వేసినవాడి దగ్గరే ఉండాలి."

"మరి వేసినవాడు తీయడం మరిచిపోయి ఇంటికి పోతే?"

"కబురుపెట్టి వెనక్కి పిలిపించాలి. అదే రూలు."

"అలా ఎన్నిసార్లు పిలిపించారు?"

"ఒక్కసారి కూడా అవసరం పడలేదండీ," అన్నాడు సేఫ్టీ ఆఫీసరు గర్వంగా. "మావాళ్ళంత జాగ్రత్తపరులు."

"మనుషులు మరిచిపోని ఫ్యాక్టరీ! నేను మొదటిసారి చూస్తున్నాను," అన్నాడు డిటెక్టివ్. ఆ కుర్రాడు దాన్ని మెప్పు అనుకుని నవ్వాడు.

మిక్సర్ ఒక మూలన ఉంది. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనప డ్రమ్ము. పైన మూత, మూత దాకా ఇనప నిచ్చెన. వెనక గోడ అవతల స్విచ్‌గది. దాని తలుపు దగ్గర నిలబడి చూస్తే నిచ్చెన మొదలు స్పష్టంగా కనిపిస్తోంది గానీ, పైన మూత తెరిచుందో మూసుందో తెలియడం లేదు. డిటెక్టివ్ అక్కడినుంచి మిక్సర్ దాకా, మిక్సర్ నుంచి అక్కడిదాకా తిరిగాడు. చివరికి నిచ్చెన ముందు గొంతుక్కూర్చున్నాడు. నేలకి వేసిన ఆకుపచ్చ రంగు అంతటా బాగానే ఉంది. నిచ్చెన మొదట్లో మాత్రం పక్కపక్కనే రెండుచోట్ల అరిగి, కింద సిమెంటు తేలింది. నిచ్చెన ఎక్కేవాడు కాలు మోపేచోటు కాదు. దానికి ఒక మూర పక్కగా ఉంది.

"ఇక్కడ ఏదైనా సామాను పెట్టేవాళ్ళా?" అని అడిగాడు.

చుట్టూ ఉన్న పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏమీ పెట్టేవాళ్ళం కాదన్నారు. వాళ్ళ మొహాల్లో అబద్ధం కనిపించలేదు.

ఆపరేటరు, అంటే ఆమె తమ్ముడు, బటన్ల పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఆరోజు ఏం జరిగింది?"

"టీ లోపు అయిపోతుంది, వస్తానన్నాడు సార్ బావ. టీ దగ్గరికి రాలేదు. చేతులు కడుక్కుంటున్నాడేమో అనుకున్నా. తిరిగొచ్చేసరికి పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. దీపం వెలిగిందంటే మెయిన్ వేశారన్నట్టు. బావ తాళం బావే తియ్యాలి కదా సార్. తీశాడంటే బయటికి వచ్చేసినట్టే కదా?"

"అయినా లోపల చూశావా?"

"చూశాను సార్. ఎవరూ లేరు."

"నిచ్చెన ఎక్కి చూశావా?"

"లేదు సార్."

"మరి లోపల ఎవరూ లేరని ఎలా తెలిసింది?"

అతని కళ్ళు నేల మీదికి, నిచ్చెన మొదటికి వెళ్ళాయి. "తెలీదు సార్," అన్నాడు. "చూసినట్టే అనిపించింది."

"సరే. తాళం తీయడం ఎప్పుడైనా మరిచిపోయేవాడా మీ బావ?"

"అందరం మరిచిపోతాం సార్. వేసి, టీకి పోయి, అటునుంచటే ఇంటికెళ్ళిన రోజులున్నాయి."

"అప్పుడు తర్వాతి షిఫ్టు ఎలా నడిచేది?"

"నడిచేది సార్. ఎప్పుడూ ఆగలేదు."

చివరగా బాబాయ్ వచ్చాడు. బలమైన మనిషి, తల నెరిసింది. అందరికంటే ఎక్కువ ఆయనే కుంటుతున్నాడు. ఎడమకాలి బూటుని మడమ దగ్గర అణగదొక్కి, చెప్పులా ఈడుస్తున్నాడు.

"ఆ పనిముట్ల అలమారు కొంచెం తెరుస్తారా?" అన్నాడు డిటెక్టివ్.

బాబాయ్ చెయ్యి చటుక్కున నడుం మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. వెళ్ళిన చెయ్యి ఏం చెయ్యాలో తోచనట్టు ప్యాంటుని తుడిచి, చొక్కా జేబులోకి పోయి, ఒంటరి తాళంచెవి ఒకటి తీసింది. అలమారు తెరుచుకుంది. అందులో ఫిట్టరు పెట్టె, పెట్టెలో ఫోను, దువ్వెన, చిల్లర. అసిస్టెంటు పెట్టెని చూసింది. డిటెక్టివ్ మాత్రం బాబాయ్ బెల్టు కింద, కుడిపక్కన నల్లగా నిగనిగలాడుతున్న గుడ్డని చూశాడు.

"ఆస్పత్రిలో బూట్లని తిట్టారట."

"జారుంటాడని సార్..."

"జారలేదుగా. డ్రమ్ము తిరిగింది. పైగా అవి జారని బూట్లు."

"ఏమో సార్, ఏడుపులో ఏమన్నానో. అయినా ఈ రోజుల్లో సరుకంతా ఇంతే. మా రోజుల్లో..." అంటూ బాబాయ్ తోలు గురించి, ధరల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడాడు. కాలికి వేస్తే వేలికి, వేలికి వేస్తే కాలికి. మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి. అసిస్టెంటుకి జాలేసింది.

*

సాయంత్రం ఆఫీసులో డిటెక్టివ్ నడక మామూలుగా లేదు. వచ్చినవాడు వచ్చినట్టే, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, లోపలి గదిలోకి పోయి తిరుగుతున్నాడు. ఒకడు తాళం వేశాడు. ఇంకొకడు తీశాడు. ఎవడు తీశాడో ఆయనకి దాదాపు తెలిసినట్టే ఉంది. ఎందుకు తీశాడో తెలియడం లేదు. పని నేర్పిన శిష్యుణ్ణి, కొడుకులాంటివాణ్ణి, లోపల ఉండగా ఎవడైనా నలిపేస్తాడా? లోపల లేడని అనుకున్నాడంటే ఎందుకనుకున్నాడు? తాళం కళ్ళెదుట వేలాడుతుండగా ఎందుకనుకున్నాడు? తెల్లారితే ఆమె తమ్ముడు దిగుతాడు.

అసిస్టెంటు కింద అంగట్లో టీ తాగి పైకి వచ్చింది. గుమ్మం వంక చూసింది. లైటు ఆర్పి, తలుపు లాగి, తాళం వేసి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. సగం దిగిందో లేదో పైన తలుపు దబదబా మోగింది.

"అమ్మాయీ! నన్ను లోపల పెట్టి తాళం వేస్తావేమిటి, మతి పోయిందా?"

ఆమె పరుగున వచ్చి తలుపు తీసింది. "అయ్యయ్యో, మీరు వెళ్ళిపోయారనుకున్నాను గురువుగారూ!"

"ఎలా అనుకున్నావు? పిలిచావా? లోపలికి తొంగి చూశావా?"

"గుమ్మంలో మీ చెప్పులు లేవు కదా..."

డిటెక్టివ్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తిట్టబోయినవాడు ఆగిపోయాడు. ఇంతసేపట్లో మొదటిసారి, ఆ చీకటి గదిలో కుర్చీ వెతుక్కుని మరీ కూలబడ్డాడు.

"అమ్మాయీ," అన్నాడు. "నీకు జీతం పెంచాలి. అంతకంటే ముందు, రేపు ఒక సంచీ తీసుకురా."

*

మర్నాడు పొద్దున మిక్సర్ చుట్టూ అందరూ చేరారు. మేనేజరు, సేఫ్టీ ఆఫీసరు, బాబాయ్, పనివాళ్ళు. వాళ్ళ వెనక ఫిట్టరు భార్య రాత్రంతా ఆస్పత్రిలో మేలుకున్న మొహంతో, తమ్ముడి వీపునే చూస్తూ నిలబడింది. తమ్ముడు అప్పటికే తన తాళం చేతిలో పట్టుకున్నాడు.

డిటెక్టివ్ ముందుగా తనే నిచ్చెన ఎక్కి, డ్రమ్ములో టార్చి వేసి చూసి, మూత బిగించి దిగాడు. "ఇతను దిగేముందు ఒక్కసారి ఖాళీ డ్రమ్ముని తిప్పి చూపించండి," అన్నాడు. బాబాయ్ మెయిన్ వేయడానికి గోడ వెనక్కి వెళ్ళాడు. తమ్ముడు బటన్ల పెట్టె దగ్గరికి నడిచాడు. ఆ సందట్లో అసిస్టెంటు సంచీలోంచి డిటెక్టివ్‌గారి పాత చెప్పులు తీసి, నిచ్చెన పక్కన నేల అరిగినచోట జతగా పెట్టి వచ్చింది. ఆ రెండు మచ్చల మీద అవి కొలిచినట్టు కూర్చున్నాయి.

మేనేజరు వాటిని దాటుకుని పోయాడు. సేఫ్టీ ఆఫీసరు మొహం చిట్లించాడు. "ఎవరివివి? చెప్పులు లోపలికి తేకూడదని బోర్డు పెట్టాం కదా!"

ఎర్రదీపం వెలిగింది. తమ్ముడి వేలు బటను దాకా వెళ్ళింది. అతని కళ్ళు అలవాటుగా నేల మీదికి దిగాయి. నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అదే క్షణంలో స్విచ్‌గది గుమ్మంలోంచి గావుకేక వినిపించింది. "ఒరేయ్, నొక్కకురా! లోపల మనిషున్నాడు!"

దీపం ఆరిపోయింది. బాబాయ్ కుంటుతూ, రొప్పుతూ, మెయిన్ కట్టేసిన చేతిని ఇంకా పైకెత్తుకునే పరుగెత్తుకొచ్చాడు. "ఎవడు? ఎవడు దిగాడు?"

"లోపల ఎవరూ లేరు బాబాయ్," అన్నాడు డిటెక్టివ్. "ఇప్పుడే మీ ఎదుటే మూత బిగించి దిగాను. మీరూ చూశారు. అయినా లోపల మనిషున్నాడని ఎందుకన్నారు?"

బాబాయ్ నిచ్చెన వంక చూశాడు. చెప్పుల వంక చూశాడు.

"నేను చెబుతాను," అన్నాడు డిటెక్టివ్. ఇప్పుడు ఆయన నడవడం లేదు. "ఈ డ్రమ్ములోకి దిగేవాడు ఏనాటి నుంచో చెప్పులు ఇక్కడ విడిచి దిగుతున్నాడు. తడి సబ్బులో చెప్పులు జారతాయి కాబట్టి. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. నేల మాత్రం అరిగింది. ఏం పెట్టేవాళ్ళని నేనడిగితే మీకెవరికీ గుర్తుకు రాలేదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది? చెప్పులుంటే మనిషి లోపల, లేకపోతే బయట. ఇంత పెద్ద ఫ్యాక్టరీలో మీరు నిజంగా నమ్మిన గుర్తు అదొక్కటే."

"తాళాలున్నాయి కదండీ!" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు.

"ఉన్నాయి. వాటిని ఎవరూ నమ్మలేదు. వేసినవాళ్ళు తీయడం మరిచిపోయి ఇళ్ళకి పోతుంటే తాళం చూసి మనిషి లోపలున్నాడని ఎవడు నమ్ముతాడు? మరిచిపోయినవాణ్ణి ఒక్కసారి కూడా వెనక్కి పిలవలేదని మీరే అన్నారు. మిషను ఒక్కరోజూ ఆగలేదని ఈ ఆపరేటరన్నాడు. మరి ఆ తాళాలు ఎవరు తీశారు? ఎవరి దగ్గరో అన్నిటికీ మారుచెవులుండాలి. నిన్న అలమారు తెరవమంటే ఒకాయన నడుం తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు కాదు, పాపం, అలవాటు కొద్దీ. నెలల తరబడి గుత్తి వేలాడి ఆ చోట గుడ్డ నల్లబడింది. మొన్నటి నుంచి గుత్తి లేదు."

అందరి తలలూ బాబాయ్ వైపు తిరిగాయి.

"ఇంకొకటి. డ్రమ్ము తిరిగి మనిషి నలిగితే, ఈ లోకంలో బూట్లని తిట్టినవాడు ఒక్కడే. జారని బూట్లు గనక ఫిట్టరు వాటిని విడవకుండానే దిగాడు. బూట్లు లేకపోతే నిచ్చెన దగ్గర చెప్పులుండేవి. చెప్పులుంటే తను తాళం తీసేవాడు కాదు. ఆ సంగతి తాళం తీసినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?"

బాబాయ్ అక్కడే, నిచ్చెన మొదటి మెట్టు మీద కూలబడ్డాడు.

"మొన్న కూడా మరిచిపోయాడనుకున్నాను," అన్నాడు నేలకి చెబుతున్నట్టు. "టీ లోపు అయిపోతుంది బాబాయ్ అన్నాడు. టీ అయిపోయింది, తాళం వేలాడుతూనే ఉంది. గుమ్మంలోంచి తొంగి చూశాను. చెప్పుల్లేవు. ఎక్కి చూద్దామనే అనుకున్నాను. మడమ బొబ్బెక్కి ఉంది, ఎవడెక్కుతాడులే అనుకున్నాను. మిషను ఆగకూడదని చాటుగా చేయించుకున్న మారుచెవితో తాళం తీశాను. ఎప్పట్లాగే వాడి పెట్టెలో పడేసి, మెయిన్ వేశాను. అంతే. కేక వినిపించింది." ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "బూట్లు వేసుకున్నాడన్న సంగతే తోచలేదు. నా కాళ్ళకీ అవే ఉన్నాయి, అయినా తోచలేదు. తర్వాత తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. వాడి మీద తప్పు పడుతుంటే ఊరుకున్నాను."

తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"అయితే ఇక తేలిపోయింది," అన్నాడు మేనేజరు బాబాయ్ వంక చూస్తూ. "తప్పు ఇతనిది."

"ఇతనిదే. ఇతని మాటలు పోలీసుల దగ్గరికి వెళతాయి. వాటితోపాటు ఇంకో మాట కూడా వెళుతుంది. తాళాలు మరిచిపోయే మనుషులున్న చోట మిషను ఒక్కరోజూ ఎందుకు ఆగలేదని మీరు ఎన్నడూ అడగలేదు. నడుస్తోంది కదా, అది చాలనుకున్నారు." డిటెక్టివ్ సేఫ్టీ ఆఫీసరు వైపు తిరిగాడు. గొంతు కొంచెం తగ్గింది. "బూట్లు మంచివే బాబూ. వేసుకోవలసిందే. కాని చెప్పులు తీయించేముందు, అవి ఇక్కడ ఏం పని చేస్తున్నాయో ఒకసారి అడగవలసింది."

ఆ కుర్రాడు తెల్ల టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడు ఫిట్టరు భార్య ముందుకొచ్చింది. ఆమె బాబాయ్‌ని తిట్టలేదు, ఏడవలేదు. "ఆ చెవులెక్కడున్నాయి బాబాయ్?" అంది.

ఆయన లేచి వెళ్ళి, స్టోరులో ఖాళీ డబ్బాల వెనక నుంచి గుత్తి తెచ్చాడు. సేఫ్టీ ఆఫీసరు సుత్తి తెచ్చాడు. బాబాయే ఒక్కొక్క చెవినీ ఇనప దిమ్మ మీద పెట్టి చితక్కొట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అందుకే ఒక్కొక్కదాన్ని రెండేసిసార్లు కొట్టాడు.

తమ్ముడు మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకున్నాడు.

"నీ తాళం కూడా వెయ్యి బాబాయ్," అందామె. "చెవి నాకియ్యి."

బాబాయ్ వేశాడు. సేఫ్టీ ఆఫీసరూ తన తాళం తెచ్చి పక్కనే తగిలించాడు.

తమ్ముడు బూట్లతోనే నిచ్చెన ఎక్కాడు. మూత తెరిచి, ఒక్కసారి అక్క వంక చూసి, లోపలికి దిగిపోయాడు. లోపల్నుంచి పానా ఇనుముకి తగులుతున్న చప్పుడు మొదలైంది. డిటెక్టివ్ మళ్ళీ అటూ ఇటూ నడవసాగాడు. అసిస్టెంటు గోళ్ళు కొరుక్కుంది. ఎవరి పనికి వాళ్ళు వెళ్ళవలసినవాళ్ళు ఎవరూ కదల్లేదు.

ఫిట్టరు భార్య నిచ్చెన దగ్గరికి నడిచింది. డిటెక్టివ్‌గారి చెప్పుల్ని తీసి అసిస్టెంటు చేతికిచ్చింది. తన చెప్పులు విడిచి, ఆ అరిగిన మచ్చల మీద జతగా సర్ది పెట్టింది. వట్టి కాళ్ళతో స్విచ్‌గది గుమ్మంలో, తాళాలకి అడ్డంగా నిలబడింది. చాలాసేపటిదాకా చప్పుడు ఆగుతూ, మొదలవుతూ ఉంది. అది ఆగిన ప్రతిసారీ ఆమె మెడ చాచి నిచ్చెన వైపు చూసింది.

చివరికి మూతలోంచి తెల్లగా సబ్బుపొడి పట్టిన తల పైకి వచ్చింది. తమ్ముడు నిచ్చెన దిగాడు. కింద ఉన్న ఆడవాళ్ళ చెప్పుల్ని చూసి ఆగాడు. వాటిని రెండు చేతులతో తీసుకుని, స్విచ్‌గది దాకా నడిచి వచ్చి, అక్క కాళ్ళ ముందు పెట్టాడు.

"చెప్పులేసుకో అక్కా," అన్నాడు. "వచ్చేశాను."